మనుషులెవరూ రాని రాత్రి బీచ్ మీదకు చెత్త ఎక్కడి నుంచి వస్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. శనివారం నలభై మంది కలిసి బీచ్ మొత్తం శుభ్రం చేశారు. ఆ రాత్రి గాలీ వానా. ఆదివారం తెల్లారి వెళ్లి చూస్తే ఇసుక మీద మళ్లీ అంత చెత్త. రాత్రి అటువైపు ఒక్క మనిషీ రాలేదు. పైగా ఆదివారం నీళ్లలో దిగిన మీ తమ్ముడికి చెవిపోటు, వాంతులు. ఇదంతా ప్రకృతి పనా, మనుషుల పనా? మళ్లీ వచ్చిపడేదాన్ని ఎత్తి లాభమేమిటి?

ఇరవై ఏళ్లకు పైగా నా ఉద్యోగమే ఇది. సముద్రపు నీళ్ల శాంపిళ్లు తీస్తాను. వంద మీటర్ల తీరం కొలుచుకుని అందులో దొరికిన ప్రతి ముక్కనూ ఏరి, లెక్కపెట్టి, తూకం వేస్తాను. అందుకని కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గాలి, వాన, కెరటం, ఎండ సొంతంగా పుట్టించే చెత్త చాలా తక్కువ. అవి పోగుచేస్తాయి, మోస్తాయి, రకాలవారీగా వేరుచేస్తాయి, ఇసుకలో పాతిపెడతాయి, మళ్లీ తవ్వి బయట పెడతాయి. ఒక్కోటి మోసుకొచ్చే సరుకు ఒక్కో రకంగా ఉంటుంది. ఆదివారం ఉదయం మీరు చూసిన చెత్త దగ్గర రెండు నిమిషాలు గొంతుక్కూర్చుని చూసి ఉంటే, ఏ దారిన వచ్చిందో అదే చెప్పేది.

వానతో మొదలుపెడతాను. మీ ఊళ్లో ఆ రాత్రి జరిగినదానిలో పెద్ద వాటా వానదేనని నా అనుమానం.

వాన లేని రోజుల్లో రోడ్ల మీద, ఖాళీ స్థలాల్లో, కాలువల అడుగున సరుకు పేరుకుంటూ ఉంటుంది. సిగరెట్ పీకలు, సీసా మూతలు, బండ్ల నుంచి కారిన ఆయిల్, టైర్లు అరిగి రాలిన పొడి, జంతువుల మలం. వారాల తరబడి ఎండి కూర్చున్న ఇదంతా మొదటి గట్టి వానకు ఒక్కసారిగా కదులుతుంది. మా పనిలో దీన్ని ఫస్ట్ ఫ్లష్ అంటాం. ఆ వెంటనే పడే వానలు ఎంత పెద్దవైనా అంత మురికి తేవు, కడగాల్సింది మొదటి వానే కడిగేసింది కాబట్టి.

ఒకసారి సముద్రంలో కలిసే ఒక వాన కాలువ నోటి దగ్గర, వాన మొదలవక ముందు నుంచే కాచుకుని నిలబడ్డాను. మొదటి పావుగంట ఏమీ రాలేదు. తర్వాత కాలువ అడుగున నిలిచి ఉన్న నల్లటి నీరు కదిలింది. దాని మీద ఇంద్రధనస్సు రంగుల్లో ఆయిల్ పొర. వెనకాలే ఆకులూ పుల్లలూ, వాటిలో చిక్కుకుని సిగరెట్ పీకలు, ప్యాకెట్ కవర్లు. నీరు మోకాలి ఎత్తుకు వచ్చాక సీసాలు, థర్మోకోల్ ముక్కలు, చెప్పులు ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగాయి. గంట గడిచేసరికి నీరు ఇంకా మట్టి రంగులోనే ఉంది కానీ చెత్త పలచబడింది. పది నిమిషాలకోసారి పట్టిన నీళ్లను ల్యాబ్‌లో పరీక్షిస్తే, ఆ నల్లటి నీటి సీసాలోనే బ్యాక్టీరియా అన్నిటికంటే ఎక్కువ తేలింది. కంటికి కనిపించే చెత్త రాకముందే కనిపించని మురికి సముద్రంలోకి చేరిపోయిందన్నమాట.

దీనికి మురుగు తోడవుతుంది. లండన్, న్యూయార్క్ లాంటి పాత నగరాల్లో చాలాచోట్ల ఇళ్ల మురుగూ వాన నీరూ ఒకే పైపులో పోతాయి. వాన ఎక్కువైతే శుద్ధి కేంద్రం అంత నీటిని పట్టలేదు. అందుకే పొంగినదాన్ని నేరుగా నదిలోకో సముద్రంలోకో వదిలేలా ఆ పైపుల్ని మొదట్లోనే కట్టారు. పైపులు విడివిడిగా ఉన్నచోట కూడా పగుళ్లలోంచి వాన నీరు మురుగు పైపుల్లోకి దూరి మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. ఆ నీరు పల్లం చూసుకుని సముద్రానికే చేరుతుంది.

మీ తమ్ముడికి వచ్చింది సరిగ్గా దీనివల్లేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, డాక్టరుకు చూపించండి. కానీ ఆ లక్షణాలు మాకు కొత్త కాదు. 1995లో కాలిఫోర్నియాలోని సాంటా మోనికా బేలో వేలమంది ఈతగాళ్లను పరిశీలించారు. వాన కాలువలు కలిసేచోట ఈదినవాళ్లనూ, అక్కడికి 400 గజాలకు పైగా దూరంలో ఈదినవాళ్లనూ పోల్చి చూస్తే, కాలువ దగ్గర ఈదినవాళ్లలో జ్వరం, చెవి సమస్యలు, వాంతుల వంటివి ఎక్కువగా కనిపించాయి. పెద్ద వాన పడ్డాక మూడు రోజులు సముద్రంలో దిగొద్దని దక్షిణ కాలిఫోర్నియాలో ఆరోగ్య అధికారులు చెబుతూ ఉంటారు. ఆ మూడు రోజుల లెక్క ఎక్కడైనా పనికొచ్చేదే.

మూడు రోజులే ఎందుకంటే, మురికిని తెచ్చినట్టే తగ్గించేదీ వాతావరణమే. తేట నీటిలో ఎండ బాగా పడితే మురుగు బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం గంటల్లోనే చస్తుంది. కానీ వాన తర్వాత నీరు బురదగా ఉంటుంది, పైన మబ్బు. ఎండ లోపలికి దిగదు. అలాంటప్పుడు అవే బ్యాక్టీరియా రోజుల తరబడి బతుకుతాయి. తడి ఇసుక వాటికి ఇంకా మంచి దాపు. నీటిలో కంటే ఇసుకలోనే లెక్క ఎక్కువ వచ్చిన బీచ్‌లు ఎన్నో ఉన్నాయి. పిల్లలు గుంటలు తవ్వి ఆడుకునేది ఆ తడి ఇసుకలోనే కదా, నాకు అన్నిటికంటే దిగులు పుట్టించేది అదే. పోటు పెద్దగా వచ్చినప్పుడు ఇసుకలో దాగినవి మళ్లీ నీళ్లలోకి కడుక్కుపోతాయి. దక్షిణ కాలిఫోర్నియాలో 60 బీచ్‌ల పాత రికార్డులు తిరగేసి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అమావాస్య పౌర్ణమి పోట్ల రోజుల్లో, అందులోనూ నీరు వెనక్కి తగ్గే వేళ, బ్యాక్టీరియా ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఆ రోజుల్లో వాన పడాల్సిన అవసరం కూడా లేదు.

ఇక్కడ నాకు చాలాకాలంగా ఉన్న బాధ ఒకటి చెప్పుకోవాలి. నేను మొదట్లో పనిచేసిన చోట నీళ్ల శాంపిల్ వారానికి ఒక్కసారే, అదీ ప్రతిసారీ ఒకే రోజున, ఒకే టైముకు తీయాలని రూలు. వాన శుక్రవారం రాత్రి పడేది, జనం శనివారం, ఆదివారం ఈదేవారు, మేం మాత్రం మంగళవారం మధ్యాహ్నం మండుటెండలో నీళ్లు పట్టేవాళ్లం. రిపోర్టు చక్కగా వచ్చేది. మురుగు కలిసిందా అని తెలుసుకోవడానికి లెక్కపెట్టే ఎంటరోకోకై అనే బ్యాక్టీరియా నూరు మిల్లీలీటర్ల నీటిలో సగటున 35 దాటకూడదని అమెరికాలో ప్రమాణం ఉంది. మా మంగళవారం శాంపిళ్లు అలాంటి పరీక్షలన్నిటిలో సులువుగా పాసయ్యేవి. వాన రోజుల్లో కూడా తీద్దామని ఎన్నిసార్లు రాసి పెట్టినా ఫైలు కదల్లేదు. కాబట్టి మీ బీచ్‌కు 'నీరు బాగుంది' అని రిపోర్టు ఉంటే, ఆ శాంపిల్ ఏ రోజు తీశారు, అంతకుముందు రెండు మూడు రోజుల్లో వాన పడిందా అని తప్పకుండా అడగండి.

నది దగ్గరలో ఉంటే కథ ఇంకా పెద్దది. వరద లేనప్పుడు నది అడుగు మట్టి ఒక గోడౌన్ లాంటిది. ప్లాస్టిక్ నలుసులు అందులో దిగి కూర్చుంటాయి. వరద ఆ గోడౌన్ తలుపులు తెరుస్తుంది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ చుట్టుపక్కల నదుల అడుగు మట్టిని 2015-16 శీతాకాలపు వరదలకు ముందూ తర్వాతా పరీక్షించినప్పుడు, అందులోని మైక్రోప్లాస్టిక్‌లో దాదాపు 70 శాతం వరదకు కొట్టుకుపోయినట్టు తేలింది. ఏళ్లపాటు చేరింది ఒక్క వరద సీజన్‌లో ఖాళీ అయింది.

పాత డంపింగ్ యార్డుల సంగతి ఇంకా భయపెడుతుంది. 2019 మార్చిలో న్యూజిలాండ్ దక్షిణ ద్వీపపు పడమటి వైపు కుండపోత వానలకు ఫాక్స్ నది పొంగి తన ఒడ్డును కోసేసింది. ఆ ఒడ్డులో ఎప్పుడో మూసేసిన చెత్త డంపు ఉంది. దశాబ్దాల నాటి చెత్త నది పొడవునా పరుచుకుని, అక్కడి నుంచి సముద్ర తీరానికి చేరింది. వందలమంది వాలంటీర్లు, చివరికి సైనికులు కూడా నెలల తరబడి ఏరాల్సి వచ్చింది. ఆ చెత్త పడేసినవాళ్లలో ఎంతోమంది తాము పడేసిన సంగతే మరిచిపోయి ఉంటారు. నదిగట్టు మీద, సముద్రపు ఒడ్డు మీద చెత్త పూడ్చి పైన మట్టి కప్పడాన్ని నేను 'పారేయడం' అని ఒప్పుకోను. అది వరదకు అప్పగించి పెట్టడం.

ఇక గాలి. నీటి మీద తేలే ప్రతి వస్తువుకూ గాలికి ఎంత ఒళ్లు ఇస్తుందన్న లెక్క ఒకటి ఉంటుంది. మూత బిగించిన ఖాళీ సీసా, థర్మోకోల్ పెట్టె, వలలకు కట్టే తేలు బంతి నీటిపైనే సగానికి సగం తేలుతూ తెరచాపలా గాలిని పట్టేస్తాయి. తడిసిన వల, ప్లాస్టిక్ సంచి, నాచు పట్టిన తాడు నీటిలో మునిగి ఉంటాయి కాబట్టి ప్రవాహంతోనే పోతాయి. అందుకే సముద్రం మీది నుంచి రెండు మూడు రోజులు గట్టి గాలి వీచాక బీచ్ మీద దొరికేది ఎక్కువగా తేలికైన సరుకు. చమురు తెట్టుకూ ఇలాంటి లెక్కే ఉంది. గాలి వేగంలో సుమారు 3 శాతం వేగంతో అది జరుగుతుంది. గాలి గంటకు 30 కిలోమీటర్లతో వీస్తే తెట్టు గంటకు కిలోమీటరుకు కాస్త తక్కువగా కదులుతుంది. ఒడ్డుకు పది కిలోమీటర్ల దూరంలో ఓడ ఆయిల్ వదిలితే, గాలి ఇటువైపు ఉంటే సగం రోజులో మీ కాళ్ల కిందకు వస్తుంది.

ఈ లెక్క ఎంత దూరం పనిచేస్తుందో 1992 జనవరి నాటి ఒక ప్రమాదంతో ప్రపంచమంతా చూసింది. ఉత్తర పసిఫిక్‌లో తుఫానుకు ఒక సరుకు ఓడ మీది నుంచి కంటైనర్లు జారిపడ్డాయి. వాటిలో ఒకదాంట్లో 28,800 ప్లాస్టిక్ స్నానపు బొమ్మలు, పసుపు బాతులు, నీలం తాబేళ్లు, ఆకుపచ్చ కప్పలు, ఎర్రటి బీవర్లు. అదే ఏడు నవంబరులో అలాస్కాలోని సిట్కా ఒడ్డుకు తేలడం మొదలైంది. కర్టిస్ ఎబ్స్‌మేయర్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆ బొమ్మలు దొరికిన చోట్లన్నీ నమోదు చేసుకుంటూ ఏళ్లపాటు ప్రవాహాల్ని అధ్యయనం చేశారు. 2011 మార్చి 11న జపాన్‌ను ముంచిన సునామీ తర్వాతా ఇదే వరస. దాదాపు 50 లక్షల టన్నుల శిథిలాలు సముద్రంలోకి పోయాయని, వాటిలో 15 లక్షల టన్నులు తేలుతూ మిగిలాయని జపాన్ ప్రభుత్వం అంచనా వేసింది. గాలిని బాగా పట్టే తేలు బంతుల లాంటివి మొదటి శీతాకాలానికే అమెరికా పడమటి తీరం చేరాయి. 20 మీటర్ల పొడవున్న రేవు తెప్ప ఒకటి 2012 జూన్‌లో ఆరిగన్ ఒడ్డున పడింది. దాన్ని అంటిపెట్టుకుని జపాన్ తీరపు జీవులు ప్రాణాలతో ఉన్నాయి. తర్వాతి ఏళ్లలో అలా సముద్రం దాటి వచ్చిన జాతుల్ని లెక్కపెడితే 289 తేలాయి. చెత్తతో పాటు కొత్త జీవులు తీరం మారడం కూడా కాలుష్యమే, దాన్ని తూకం వేయలేం అంతే.

మీ ఇంటి దగ్గరి స్థాయిలో గాలి రోజూ చేసే పని వేరే ఉంది. పగలు నేల వేడెక్కి సముద్రం నుంచి ఒడ్డుకు గాలి తిరుగుతుంది, రాత్రి నేల చల్లబడి ఒడ్డు నుంచి సముద్రానికి మళ్లుతుంది. సాయంత్రం జనం వదిలేసిన కవర్లు, కప్పులు రాత్రి గాలికి నీళ్లలో పడతాయి. మర్నాడు మధ్యాహ్నం గాలికి అవే తిరిగి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఉదయం ఏడింటికి శుభ్రంగా కనిపించిన బీచ్ మధ్యాహ్నం మూడింటికి మళ్లీ మురికిగా ఉండటానికి ఇదొక కారణం.

గాలి ఎటు వీస్తే నీరు అటే పోతుందనుకోవడం మాత్రం పొరపాటు. భూమి తిరుగుడు వల్ల పైపొర నీరు ఉత్తరార్ధగోళంలో గాలికి కుడివైపు, దక్షిణార్ధగోళంలో ఎడమవైపు మళ్లుతుంది. దీన్ని ఎక్మన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త 1905లో లెక్క కట్టి చూపించారు. అందుకే తీరం వెంబడి సమాంతరంగా వీచే గాలి కూడా ఒక దిశలో ఉంటే చెత్తను లోపలికి లాగేస్తుంది, ఎదురు దిశలో ఉంటే ఒడ్డుకు తోస్తుంది. మరొకటి మీరు చూసే ఉంటారు. గాలి నిలకడగా ఉన్న రోజు నీటి మీద నురుగు, చెత్త పొడవాటి చారలుగా బారులు తీరుతుంది. 1927లో అట్లాంటిక్ దాటుతున్నప్పుడు సముద్రపు నాచు అలా వరసలు కట్టడం చూసే ఇర్వింగ్ లాంగ్‌ముయిర్ అనే అమెరికా శాస్త్రవేత్త, నీటి లోపలి సుడులే దాన్ని చారలుగా పోగుచేస్తాయన్న సంగతి పట్టుకున్నారు. ఆ చారల్లో ఒకటి వచ్చి తీరాన్ని తాకినచోట ఒకే రాత్రిలో గుట్ట పడుతుంది. దాని పక్కనే యాభై గజాల్లో ఏమీ ఉండదు. అదేదో లారీలో తెచ్చి పోశారని జనం అనుకోవడం నేను చాలాసార్లు విన్నాను.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయానికి వస్తాను. ఇసుక మీది గీతలు. ప్రతి పోటూ వెనక్కి తగ్గేటప్పుడు తాను ఎంతదాకా వచ్చిందో ఒక గీత వదులుతుంది. నాచు, గవ్వలు, పుల్లలు, వాటిలో చిక్కుకున్న ప్లాస్టిక్. అమావాస్య, పౌర్ణమి దాటాక ఒకటి రెండు రోజుల్లో పోటు అన్నిటికంటే పైకి వస్తుంది, ఆ గీత పైన ఉంటుంది. తర్వాత పోట్లు రోజురోజుకూ తగ్గుతూ ఒకదాని కింద ఒకటిగా గీతలు పెడతాయి. కాబట్టి అలాంటి వారంలో కింది గీత నిన్నటిది, పై గీత వారం కిందటిది. మళ్లీ పెద్ద పోట్లు మొదలైతే ఈ గీతలన్నిటినీ ఊడ్చుకుంటూ పైకెక్కి, అంతా కలిపి ఒక్క లావు గీతగా చేస్తాయి. మీరు శుభ్రం చేసిన మర్నాడే పెద్ద పోటు ఉంటే, పైన పొదల్లో, తిన్నెల అంచుల్లో మీ కంటబడని పాత చెత్తను అదే కిందికి లాగి మీ ఇసుక మీద పరిచి ఉండొచ్చు. అది కొత్తగా వచ్చింది కాదు, అక్కడే ఉన్నది.

అంతకంటే ఎక్కువ దాగి ఉండేది ఇసుక లోపల. ప్రశాంతంగా ఉన్న రోజుల్లో చిన్న కెరటాలు ఇసుకను ఒడ్డుకు తెచ్చి పోస్తాయి, బీచ్ లావెక్కుతుంది. కింద పడిన చెత్త దానితో పాటే పూడుతుంది. తుఫాను కెరటాలు ఒక్క రాత్రిలో ఆ ఇసుకను కోసి లోపలికి లాక్కుపోతాయి, పూడినదంతా బయటపడుతుంది. హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లో చేసిన సర్వే 2019లో వచ్చింది. అక్కడ సుమారు 41 కోట్ల 40 లక్షల ముక్కలు, 238 టన్నులు ఉంటాయని అంచనా. వాటిలో 93 శాతం కంటికి కనిపించేవి కావు, పైనున్న 10 సెంటీమీటర్ల ఇసుకలో పూడి ఉన్నవి. ఈ సంఖ్య చదివాక నేను నా వంద మీటర్లలో అక్కడక్కడా అరచేతి లోతు తవ్వడం అలవాటు చేసుకున్నాను. శుభ్రంగా కనబడే చోటే జల్లెడలో రంగు రంగుల ముక్కలు మిగలడం చూస్తే మనసు పాడవుతుంది.

ఆ ముక్కలు అలా చిన్నవి కావడానికి కారణం ఎండ. సముద్రం మధ్యలో తేలే సీసాకు నీటి చల్లదనం ఉంటుంది, మీద నాచు పట్టి ఎండ తగలకుండా కాస్త అడ్డుపడుతుంది. బీచ్ మీద ఆ రెండూ లేవు. అల్ట్రావయొలెట్ కిరణాలు, కాలే ఇసుక, కావలసినంత ఆక్సిజన్. ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. ఒకసారి తెల్లబారిన బకెట్ మూత ఒకటి ఇసుకలో సగం పాతుకుని ఉంటే రెండు వేళ్లతో పట్టి లాగాను. ఎండుటాకులా చేతిలోనే పొడైంది. నలభై దాకా ముక్కలు లెక్కపెట్టాను, మిగతావి గోటికి కూడా అందలేదు. కెరటం వచ్చి ఇసుకతో కలిపి తిప్పితే ఆ పని ఇంకా త్వరగా అవుతుంది. ఆ మూతను ఆరునెలల ముందు ఎవరైనా ఎత్తి ఉంటే ఒక్క వస్తువు. ఇప్పుడు ఎవరూ ఎత్తలేరు. 'మళ్లీ వచ్చేదానికి ఎత్తడం దేనికి' అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. మీరు శనివారం ఎత్తినవి ఇక ముక్కలు కావు.

తుఫాన్లు ఓడల మీది సరుకును కూడా తెస్తాయి. 2019 జనవరి మొదట్లో ఉత్తర సముద్రంలో ఒకే ఓడ నుంచి 342 కంటైనర్లు పడిపోయి, నెదర్లాండ్స్ దీవుల తీరాలు బొమ్మలు, ఫర్నిచర్, ప్లాస్టిక్ గుళికలతో నిండాయి. 2021లో కొలంబో దగ్గర తగలబడి మునిగిన ఓడ నుంచి దాదాపు 1,680 టన్నుల గుళికలు సముద్రంలో కలిశాయి. ప్లాస్టిక్ సామాన్ల తయారీకి వాడే పూసలంత గుళికలవి. అప్పటికి నైరుతి గాలులు మొదలయ్యే కాలం, గాలి సముద్రం నుంచి ఒడ్డు వైపుకే. ఓడ తగలబడింది మనుషుల చేతిలో, తెల్లటి గుళికల్ని శ్రీలంక తీరం పొడవునా పరిచింది మాత్రం గాలీ ప్రవాహాలూ. మనుషులు ఉండని చోటు కూడా తప్పించుకోలేదు. దక్షిణ పసిఫిక్‌లో జనావాసం లేని హెండర్సన్ దీవి మీద 2017లో ప్రచురించిన అంచనా ప్రకారం 3 కోట్ల 77 లక్షల ముక్కలున్నాయి. మహాసముద్రపు పెద్ద సుడి అంచున ఉండటమే ఆ దీవి చేసుకున్న పాపం.

ప్రకృతి సొంతంగా తెచ్చేవి లేవా అంటే ఉన్నాయి. కాలిఫోర్నియాలో కోల్ ఆయిల్ పాయింట్ దగ్గర సముద్రం అడుగు నుంచి చమురు దానంతటదే ఊరుతూ ఉంటుంది, అక్కడి బీచ్‌ల మీద తారు ఉండలు ఎప్పుడూ ఉండేవే. అయితే తారు కనిపించిన ప్రతిచోటా నేరం ప్రకృతి మీదకు తోసేయకండి. నైరుతి రుతుపవనాల కాలంలో గోవా తీరానికి ఏటా కొట్టుకొచ్చే తారు ఉండల విషయంలో ఓడలు వదిలే చమురు వ్యర్థాల మీదే శాస్త్రవేత్తల అనుమానం ఎక్కువ. నాచు సంగతీ అంతే. 2011 నుంచి అట్లాంటిక్‌లో సర్గాసమ్ నాచు పట్టీ కడుతోంది. 2018 జూన్‌లో అది 8,850 కిలోమీటర్ల పొడవు, 2 కోట్ల టన్నులకు పైగా బరువు ఉన్నట్టు ఉపగ్రహ చిత్రాల్లో తేలింది. తేలే నాచు ప్రకృతిలో భాగమే. కరీబియన్ తీరాల మీద గుట్టలుగా పడి కుళ్లి హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలేటప్పుడు మాత్రం అది ఊపిరాడనివ్వని కాలుష్యం. అది ఇంతగా పెరగడంలో నదులు మోసుకొచ్చే ఎరువుల నత్రజని పాత్ర ఎంతన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు.

కానీ మామూలుగా పోటు గీతలో కాస్త నాచు ఉంటే దాన్ని చెత్తనుకుని ఎత్తేయకండి. చిన్న చిన్న పురుగులు, పీతలు, వాటిని తినే పక్షులు దాని మీదే బతుకుతాయి. అది ఇసుకను పట్టి ఉంచుతుంది. యంత్రాలతో గీకి బీచ్‌ను తివాచీలా చేయడం నాకు అస్సలు నచ్చని పని. ప్లాస్టిక్‌ను చేత్తో ఏరండి, నాచును దులిపి అక్కడే వదిలేయండి. తుఫాను తర్వాత వచ్చే తెల్లటి నురుగు కూడా చాలాసార్లు నాచు కుళ్లగా వచ్చిన పదార్థాన్ని కెరటాలు చిలకడం వల్ల పుట్టేదే. అయితే వాన కాలువ దగ్గరి నురుగులో పిల్లల్ని ఆడనివ్వొద్దు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

ఇప్పుడు మీ ఆదివారానికి వద్దాం. ఫోటోలు తీసి ఉంటే మళ్లీ చూడండి. సిగరెట్ పీకలు, మూతలు, కవర్లు బురదతో, ఆకులతో కలిసి ఉండి, గుట్ట ఒకే చోట మొదలై పక్కలకు పలచబడుతుంటే అది వాన కాలువ సరుకు. ఆ గుట్ట లావుగా ఉన్నచోటికి ఎదురుగా నడిస్తే కాలువ నోరు దొరుకుతుంది. సీసాలు, థర్మోకోల్ శుభ్రంగా కడిగినట్టుండి తీరం పొడవునా సమానంగా పరుచుకుంటే గాలి తెచ్చినవి. వాటి మీద గొట్టం లాంటి కాడకు వేలాడే చిన్న గుల్లలు అతుక్కుని ఉంటే అవి వారాలో నెలలో సముద్రంలో తిరిగి వచ్చాయని అర్థం. తెల్లబారి, పెళుసెక్కి, సగం ఇసుక నిండిన సామాను అయితే రాత్రి కెరటాలు మీ బీచ్‌లోంచే తవ్వి తీసినవి.

తర్వాతి సారి శుభ్రం చేసే రోజును సెలవును బట్టి కాకుండా పోటును బట్టి పెట్టుకోండి. పెద్ద పోట్లు అయిపోయిన మర్నాడు, నీరు బాగా తగ్గిన వేళ వెళితే పై గీత దగ్గర ఎక్కువ దొరుకుతుంది, అది తిరిగి నీటిలో పడటానికి మళ్లీ పది రోజులకు పైగా సమయం ఉంటుంది. పైనుంచి కిందికి ఏరండి, ముందు పొదల అంచు, తర్వాత ఇసుక. మీ నలభై మందిలో పదిమందిని వాన కాలం మొదలవడానికి ముందు వారం కాలువ దగ్గరికి పంపండి. అక్కడ ఎండి ఉన్నప్పుడు ఒక గంటలో ఎత్తేదాన్ని సముద్రం దాకా వెళ్లనిస్తే నెల రోజులు ఏరినా తీరదు. ఒక నోటు పుస్తకంలో గాలి దిశ, పోటు టైము, అంతకుముందు పడిన వాన, ఎన్ని సంచులు నిండాయి అన్నవి రాస్తూ ఉండండి. ఏడాది తిరిగేసరికి మీ బీచ్ మీదకు ఏ రోజున ఏం వస్తుందో మీరే ముందుగా చెప్పగలుగుతారు. ఆ పుస్తకంలోని మొదటి పేజీ ఫోటో ఇక్కడ పెడితే చూసి చెబుతాను. మీ తమ్ముడిని మాత్రం ఈ మూడు రోజులూ నీళ్లకు దూరంగా ఉంచండి.